దారి చీలిన చోట బస్సు

3,114వ రోజు

ఆదెమ్మ ఈ నోటు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. ఇకనుంచి బల్ల మీద ఏం పెట్టినా, ఏం తీసినా ఇందులో రాయాలట. ఈ సొరంగంలో ఎనభై ముగ్గురం ఉన్నాం, అందరికీ పెద్ద ఆవిడే. కాదంటే ఊరుకునే మనిషి కాదు. ధూళి దిగి ఇవాళ్టికి ఎన్ని రోజులో గోడ మీద గీతలు చూసి పైన వేశాను. రాత నాకు చేతకాదు. కుంచె ఇచ్చి బొటనవేలంత బొమ్మకి కనుబొమలు దిద్దమంటే దిద్దుతాను గానీ, నాలుగు మాటలు వరసగా రాయాలంటే ఒళ్లు మండుతుంది.

ధూళికి ముందు నేను విశాఖపట్నంలో రైల్వే సిగ్నళ్లు బాగుచేసేవాణ్ని. ఆదివారం వస్తే నాలాంటి పిచ్చివాళ్లం ఐదారుగురం చేరి, చిన్న చిన్న ప్లాస్టిక్ మనుషులకి రంగులేసి బల్ల మీద యుద్ధాలు ఆడేవాళ్లం. ప్రపంచం నాశనమయ్యాక మిగిలిన ముఠాలు ఒకళ్లనొకళ్లు దోచుకునే ఆట అది. ఒక సైనికుడి తల తెంపి ఇంకొకడి మెడకి అతికించేవాణ్ని. తుపాకీ కోసేసి ఆ చేతిలో గుండుసూది దిగేసి ఈటె చేసేవాణ్ని. కొత్త బొమ్మకారుకి తుప్పు పట్టించడానికి మూడు రోజులు కూర్చునేవాణ్ని. "శుభ్రంగా ఉన్నదాన్ని పాడుచేసి మురిసిపోతావేటి?" అని నా భార్య తిట్టేది. ఇప్పుడు నేను చెయ్యి పెట్టకుండానే బయట అన్నీ పాడయ్యాయి. తిట్టడానికి ఆవిడ లేదు.

సొరంగంలోకి పరిగెత్తిన రోజు అందరూ బియ్యం, గిన్నెలు తెచ్చుకుంటే నేను నా కూతురు నూకాలునీ, బొమ్మల పెట్టెనీ తెచ్చుకున్నాను. నాలుగేళ్లు నన్ను చూసి నవ్వారు. తర్వాత ఆ పెట్టే అందరికీ పనికొచ్చింది. బయట ధూళిలో చాచిన చెయ్యి మనకే కనపడదు. కొండ కింద ఊరికి వెళ్లాలంటే దారి వేళ్లకి తెలియాలి. అందుకని ఆ ఊరిని ఎనిమిది అడుగుల బల్ల మీద కట్టాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన కొద్దీ గోడలు, స్తంభాలు, కూలిన ఇళ్లు పెంచుతూ వచ్చాను. వెళ్లేవాళ్లు కళ్లకి గంతలు కట్టుకుని మూడు రోజులు బల్ల మీద వేళ్లతో నడుస్తారు. జానెడు దూరం అంటే వంద అడుగులు. వేళ్లు తప్పు లేకుండా నడిచాకే కాళ్లు గడప దాటాలి. ఇది మా కట్టుబాటు.

ఇవాళ బల్ల మీద ఏమీ పెట్టలేదు, ఏమీ తియ్యలేదు. పంకా బెల్టు మాత్రం ఇంకో రెండు పోగులు తెగింది.

3,118వ రోజు

బెల్టు కుట్టడానికి ఇవాళ నీటిచక్రం ఆపారు. లోపలి ఊట చక్రాన్ని తిప్పుతుంది, చక్రం బెల్టుని, బెల్టు పంకాని. ఆ పంకాయే ధూళిని లోపలికి రానివ్వకుండా బయటికి తోస్తుంది. చక్రం ఆగితే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రెండు పిడుల మర చేత్తో తిప్పాలి. వంతుకి రమ్మని గంట కొడితే సగం మంది రాలేదు. ఒకాయన "ఇంకా దేనికోసం తిప్పాల?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కింద ఊళ్లో రైసుమిల్లు ఉంది. మిల్లులో బెల్టులుంటాయి. నూకాలూ బంగారమ్మా వెళ్లాలని ఆదెమ్మ తేల్చేసింది. బంగారమ్మ మా సూరిబాబు పెళ్లాం. సూరిబాబు నాకు ఏ చుట్టమూ కాదు, కానీ ఇక్కడ నాతో ఆ ఆట ఆడే ఒకే ఒక్క మనిషి. నన్ను బావా అంటాడు, బంగారమ్మ అన్నియ్యా అంటుంది. వాళ్లకి పిల్లల్లేరు.

ఇద్దరాడవాళ్లూ గంతలు కట్టుకుని వేళ్లతో నడుస్తుంటే పక్కన కూర్చుని చూశాను. ఆస్పత్రి గోడ అయ్యాక దారి చీలే చోట నా బస్సుంది. పక్కకి ఒరిగిపోయిన బస్సు. సబ్బు డబ్బా కోసి చేశాను. మాత్రల అట్ట రేకులు కిటికీలు. ఇటుక పొడిని తుమ్మజిగురులో కలిపి తుప్పు వేసి, కుంచెని గుడ్డకి తుడిచేసి మిగిలిన కాస్త బూడిదరంగుతో అంచులు రుద్దాను. ముప్ఫై ఏళ్లలో అంత బాగా ఏదీ రాలేదు నాకు. బంగారమ్మ వేలు దాని మీద ఆగి ఒకసారి నిమిరింది.

"దారి సీలిన కాడ బస్సు తగుల్తాది. తగిలిన కాడినుండి ఎడం సేతికి తిరిగితే మిల్లు. అంతే గదన్నియ్యా?"

"అంతేనమ్మా" అన్నాను.

"బావా, ఈ బస్సుకి టిక్కెట్టు ఎవులు కొడతారు?" అన్నాడు సూరిబాబు. బంగారమ్మ గంతలు విప్పకుండానే వాడి భుజం మీద ఒకటేసింది.

3,121వ రోజు

పొద్దున్నే వెళ్లారు. ధూళిని వడగట్టడానికి మూతికి తగిలించుకునే బొగ్గు డబ్బాలు మాకు మిగిలినవి మూడు. ఒక్కోటి ఐదు గంటలు వస్తుంది. రెండు వాళ్లు తీసుకున్నారు. నడుములకి కలిపి ఒకటే తాడు కట్టుకున్నారు. నూకాలు ఎప్పటిలాగే నా వైపు చూడకుండా "ఎల్లొస్తాను నాన్నా" అంది. వాళ్లమ్మా అంతే, బయల్దేరేటప్పుడు మొహం చూస్తే కాళ్లు కదలవనేది.

నాలుగున్నర గంటలకి నూకాలు ఒక్కతే వచ్చింది.

రాయడం నా వల్ల కావట్లేదు, అయినా రాస్తాను. ఆస్పత్రి గోడ అయిపోయింది. దారి చీలే చోటికి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. బస్సు తగల్లేదు. వెనక్కొచ్చి మళ్లీ వెళ్లారు. అటూ ఇటూ కర్రతో తడిమారు. గంటన్నర అలా అయిపోయింది.

"తాడు సాలట్లేదు, రెండడుగులు ఎల్లి తడిమొచ్చీస్తానని ముడి ఇప్పీసినాది నాన్నా" అంది నూకాలు. "వొద్దే అన్నాను. ఇన్నేదు. మరి రానేదు. అరిసినాను, రేకు కొట్టినాను. నా డబ్బా అయిపోతన్నాదని వొచ్చీసినాను. ఒగ్గీసి వొచ్చీసినాను."

సూరిబాబు ఆ తాడు చివర పట్టుకుని కూర్చున్నాడు.

"బస్సు నేదు నాన్నా" అంది నూకాలు మళ్లీ. "ఉండాల్సిన సోటే. బస్సు నేదు."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ దారి నాకు చెప్పినవాడు ఎర్రినాయుడు, ఇంతకుముందు కిందకి వెళ్లొచ్చిన జట్టు మనిషి. ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అతను చెప్పింది ఇంతే: ఆస్పత్రి గోడ అయ్యాక దారి చీలుతుంది, ఎడమవైపుది మిల్లుకి పోతుంది. బస్సు మాటే అనలేదు. బల్ల మీద అక్కడ జానెడు మేర బోసిగా కనపడింది నాకు. మా ఆటలో మొదటి నియమం, బల్ల మీద ఎక్కడా జానెడు ఖాళీ ఉండకూడదు. బొమ్మలు నక్కడానికి చోటు లేకపోతే ఆట చెడిపోతుంది, చూడ్డానికీ బాగోదు. అందుకని బస్సు చేసి పెట్టాను. ఆ తర్వాత అటు వెళ్లినవాళ్లెవరూ లేరు. ఏడాదిగా రోజూ దాన్ని చూసి చూసి, కింద నిజంగానే ఉందని నేనే నమ్మేశాను. బంగారమ్మ అడిగినప్పుడు అంతేనమ్మా అన్నాను.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా ఆదెమ్మ లేచి నిలబడింది.

"బస్సు దానంతటది ఎల్లిపోద్దేటి? ఎవులో లాగీసినారు. లాగినోలికి ఇంజినున్నాది. ఇంజినుంటే నూనె ఉన్నాది. ఓలమ్మా, కింద మనుసులున్నారే!"

ఎవరో ఏడుపో నవ్వో తెలియని గొంతుతో అరిచారు. ఎనిమిదేళ్లుగా మేం తప్ప ఎవరూ మిగల్లేదనుకుంటున్న జనం. ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఊగిపోయారు. గోడవైపు తిరిగి పడుకున్నాయన లేచి వచ్చి నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. బల్ల లేకపోతే ఈ సంగతి తెలిసేదే కాదట.

ఆ చేతులు నేను వెనక్కి లాక్కోలేదు.

3,123వ రోజు

బెల్టు నిన్న తెగిపోయింది. ఇక కుట్టడానికి లేదు.

గంట కొట్టగానే జనం మర దగ్గర బారు తీరారు. వంతు కానివాళ్లు కూడా వచ్చారు. తిప్పుతూ పాటలు పాడుతున్నారు. అన్నం కూడా కడుపునిండా తింటున్నారు. కింద మనుషులు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేదాకా గాలి నిలబెట్టాలట. ఇవాళ కాకపోతే రేపు చెప్పేస్తాను అనుకున్నాను. రేపు కూడా ఇలాగే అనుకుంటానని నాకు తెలుసు.

నూకాలు మాత్రం పాడట్లేదు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాన్నా, ఈ బస్సుని ఏ జట్టు సూసినాది?"

"ఎర్రినాయుడు" అన్నాను. కన్న కూతురు మొహం మీద, రెప్ప వెయ్యకుండా.

3,126వ రోజు

కింద మనుషుల్ని బల్ల మీద పెట్టమని ఆదెమ్మ హుకుం. జనం చూసుకోవాలట. చూసుకుంటే ధైర్యమట.

పెట్టెలోంచి పాత ముఠా బొమ్మలు ఎనిమిది తీశాను. తుపాకులు కోసేసి, చేతుల్లో బిందెలు పెట్టాను. ఒకడి ఇనప టోపీ చెక్కేసి జుట్టు వేశాను. ఒకామె చంకలో, అగ్గిపుల్ల కొసకి మైనం చుట్టి చంటిపిల్లని చేశాను. బూడిదరంగు బట్టల మీద పసుపు, ఎరుపు పెట్టాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, ఆ రెండు రోజులూ హాయిగా గడిచాయి నాకు. చెయ్యి ఎక్కడా వణకలేదు. లేని మనుషుల్ని అంత బాగా చేసిన నా చేతుల్ని విరిచెయ్యాలనిపించింది, పని అయ్యాక.

సాయంత్రం సూరిబాబు వచ్చాడు. బంగారమ్మ పోయాక వాడు నాతో మాట్లాడ్డం అదే మొదలు.

"అందులో ఒక బొమ్మ బంగారానిది సెయ్యి బావా."

"ఎందుకురా సూరీ?"

"కిందున్నోలు బస్సునే లాక్కెల్లినోలు. మూతికి డబ్బా ఎట్టుకున్న ఆడమనిసి రోడ్డు మీద అగుపడితే ఒగ్గేస్తారేటి? తీసుకెల్లుంటారు. డబ్బా అయిపోయేలోగానే తీసుకెల్లుంటారు. అది అక్కడే ఉన్నాది బావా. మన గురించి ఆలకి సెప్పే ఉంటాది."

ఏం చెయ్యను? చేశాను. ఆకుపచ్చ చీర, నడుముకి తాడు. ముక్కుపుడక ఎటువైపో అడిగితే ఎడమవైపని చెప్పాడు. సూది మొనతో చుక్క పెట్టాను. వాడు ఆ బొమ్మని తీసుకెళ్లి బస్సు పక్కన నిలబెట్టి, చాలాసేపు దాని దగ్గరే కూర్చున్నాడు.

3,131వ రోజు

మిగిలిన ఒక్క డబ్బా తనకిమ్మని సూరిబాబు ఆదెమ్మని అడిగాడు. కిందకి వెళ్లి ఆ మనుషుల్ని కలుస్తాడట. పెళ్లాన్నీ, బెల్టునీ తీసుకుని వాళ్ల బండిలోనే వస్తాడట. తిరుగు ప్రయాణానికి డబ్బాలో గంటలు మిగుల్చుకోవాల్సిన పని కూడా లేదట, వాళ్ల దగ్గర డబ్బాలుంటాయి కదా.

ఆదెమ్మ సరేనంది. జనమంతా వాడి వీపు తట్టారు. వాడి వేళ్లు నాలుగు రోజుల్నుంచీ రహస్యంగా బల్ల మీద నడుస్తూనే ఉన్నాయట. రేపు మధ్యాహ్నం ప్రయాణం.

వాడు వెళ్తే రాడు. నేను నోరు మూసుకుంటే నేను చంపినవాళ్లు ఇద్దరవుతారు. నోరు తెరిస్తే వాడి లెక్కలో ఇంకా బతికున్న బంగారమ్మని రెండోసారి చంపినట్టు. పైగా రేపటినుంచి మర తిప్పడానికి ఎవరొస్తారు? ఎటు తిరిగినా నాకు దారి కనపడట్లేదు. ఇదంతా ఒక సబ్బు డబ్బా మూలాన.

3,132వ రోజు

చెప్పేశాను.

పొద్దున సూరిబాబు చివరిసారి వేళ్లతో నడుస్తున్నాడు. కళ్లకి గంతలున్నాయి. వంతెన దాటాడు, స్తంభాలు దాటాడు, ఆస్పత్రి గోడ వెంట వచ్చాడు. చెయ్యి బస్సు మీద పడింది. నేను ఆ చెయ్యి మీద నా చెయ్యి వేశాను.

"సూరీ, ఈ బస్సు నేను పెట్టాను. ఎవరూ చెప్పలేదు. ఇక్కడ బోసిగా ఉందని పెట్టాను. కింద లేదు. ఎప్పుడూ లేదు."

వాడు వేలితో బస్సు కిటికీలు తడిమాడు.

"మరి లాగినోలు?"

"లేని బస్సుని ఎవరు లాగుతార్రా? ఎవరూ లేరు. నువ్వు వెళ్లకు."

"అయితే అది తాడిప్పుకుని దేనికోసం ఎతికినట్టు?"

వాడి చెయ్యి ఇంకా నా చేతి కిందే ఉంది. మెల్లగా లాగేసుకున్నాడు. గంతలు విప్పకుండానే, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. కొడతాడనుకున్నాను. కొట్టుంటే బాగుండేది.

తర్వాత గంట కొట్టి అందరికీ చెప్పాను. మొదట నమ్మలేదు. ముసలాడికి భయం పట్టుకుంది, స్నేహితుణ్ని పంపలేక అబద్ధమాడుతున్నాడన్నారు. ఎర్రినాయుడు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు మళ్లీ చెప్పాను. అతని తమ్ముడు నిజమే, మా అన్న బస్సు మాట ఎప్పుడూ అనలేదన్నాడు. అప్పుడు నమ్మారు. ఆదెమ్మ నా మొహాన ఉమ్మేసి కూలబడిపోయింది. డెబ్భై ఏళ్ల మనిషి, పంకా ఆగినప్పుడు కూడా ఏడవని మనిషి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

నూకాలు ఏడవలేదు. "నానడిగినాను గదా నాన్నా" అంది. "ఈ సోటే నిలబడి అడిగినాను. ఆల ముందు సెప్పడానికి జడిసినావు సరే. నాకు సెప్పొచ్చు గదా? పది దినాలు నిద్దర్లో కూడా ఎతుకుతున్నాను ఆ బస్సుని. నా అడుగుల లెక్క తప్పిపోయి బంగారప్పని సంపీసినానని."

ఆ మాట వినేవరకూ నాకది తోచనేలేదు. నా తప్పు నేను దాచుకున్నాననుకున్నాను, కూతురు నెత్తిన పెట్టాను.

3,133వ రోజు

బల్ల మీంచి తీసినవి.

నూకాలు ఒక్కో వస్తువు మీద వేలు పెట్టి "ఇదెవులు సెప్పినారు?" అని అడిగింది. పేరు చెప్పగలిగితే ఉంచింది. చెప్పలేకపోతే పీకి బుట్టలో వేసింది. బస్సు. నీళ్ల టాంకీ. మూడు కార్లు. విరిగిన ప్రహరీ, చాలా ముచ్చటగా పగుళ్లు తీసినది. దుకాణాల వరస. ఇంకా చాలా. చిత్రమేమిటంటే కొన్నింటి దగ్గర ఎవరో చెప్పారనే అనిపించేది, ఎవరని గట్టిగా అడిగితే పేరు రాలేదు. ఎనిమిది మంది మనుషుల్నీ తీసింది. ఆకుపచ్చ చీర బొమ్మ అక్కడ లేదు, సూరిబాబు తీసుకెళ్లిపోయినట్టున్నాడు.

చివరికి ఒక వంతెన, పదకొండు స్తంభాలు, ఆస్పత్రి గోడ, రెండు కూలిన ఇళ్లు మిగిలాయి. తక్కినదంతా వట్టి చెక్క.

"ఇంతేనా మనకి తెలిసినాది?" అంది.

"ఇంతే."

దారి చీలిక ఆస్పత్రి గోడ మూల నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో ఇకమీద తాడుతో కొలిచి, తాడుకి ముడులు వెయ్యాలంది. ఆ ఒక్క డబ్బా పెట్టుకుని మళ్లీ తనే వెళ్తుందట, పదిరోజుల్లో. మర అంతవరకు తిరగాలి. వద్దని చెప్పే హక్కు నాకు లేదు.

3,134వ రోజు

అరచేతులు బొబ్బలెక్కాయి, కలం పట్టుకోలేకపోతున్నాను.

పొద్దున వంతు గంట కొడితే ఎవరూ రాలేదు. మొన్నటిదాకా పాడినవాళ్లంతా దుప్పట్లు ముసుగు తన్ని పడుకున్నారు. పంకా ఆగిపోయింది. కాసేపటికే గొంతులో గరగర మొదలైంది, సొరంగం మూతి దగ్గర దీపం మసకబారింది. నూకాలు ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి లేపుతోంది. లేచి మళ్లీ పడుకుంటున్నారు. నేను లేపితే తంతారు. అందుకని నేనే మర దగ్గరికి వెళ్లాను, అరవై ఒకటో ఏట ఒక్కణ్నీ తిప్పగలనా లేదా అని కూడా ఆలోచించలేదు.

నేను వెళ్లేసరికి పంకా కదులుతోంది. సూరిబాబు ఒక పిడి పట్టుకుని ఒంటరిగా తిప్పుతున్నాడు. అది ఇద్దరు తిప్పే మర, ఒక్కడే తిప్పితే పక్కకి లాగేస్తుంది. ప్రతి చుట్టుకీ వాడి భుజం ఇనప చట్రానికి కొట్టుకుంటోంది. చొక్కా చిరిగి రక్తం వస్తోంది. ఎప్పుడు మొదలెట్టాడో తెలీదు.

నేను ఎదుటి పిడి దగ్గర నిలబడ్డాను. వాడు నన్ను చూశాడు. మర ఆపలేదు.

"సూరీ..." అన్నాను.

"మాటాడకు. తిప్పు."

తిప్పాను.